నెత్తుటి చుక్కలో కణం పాఠం

గడ్చిరోలి జిల్లా దక్షిణపు కొసన, ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోట సిరొంచ ఉంది. నదికి ఆవలి ఒడ్డున కాళేశ్వరం. తాలూకా మహారాష్ట్రదే అయినా ఇక్కడ చాలా ఇళ్ళలో మాట్లాడేది తెలుగే. పిల్లల చదువు మాత్రం ఎక్కువగా మరాఠీలో సాగుతుంది. హైస్కూలు సైన్సు పుస్తకంలో వాళ్ళకు 'పేశీ' అనే పాఠం వస్తుంది. మరాఠీలో పేశీ అంటే కణం. అదే మరాఠీలో 'కణ్' అంటే నలుసు, రేణువు. తెలుగు పేపర్లో 'రక్తకణం' అని చదివిన తండ్రికీ, పుస్తకంలో 'రక్తపేశీ' అని చదివిన కూతురికీ ఇద్దరూ చెబుతున్నది ఒకే వస్తువు గురించి అని తెలియడానికి కొంత టైమ్ పడుతుంది. ఒడిశా సరిహద్దులో రాయగడ, గుణుపురం వైపు తెలుగు పిల్లలకైతే అది ఒడియాలో 'కోష'.

ఇన్ని పేర్ల మధ్య అందరికీ ఒకేలా తెలిసిన మాట ఒకటుంది. సికిల్, అంటే సికిల్ సెల్ అనే నెత్తుటి జబ్బు. 'వాళ్ళింట్లో సికిల్ ఉంది' అంటే ఇంకో ప్రశ్న వేయకుండానే అర్థమవుతుంది. నెలకో రెండు నెలలకో ఒళ్ళు నొప్పులతో మంచాన పడే పిల్లవాడు, కళ్ళు పచ్చబడ్డ పిల్ల, రక్తం ఎక్కించడానికి అహేరికో గడ్చిరోలికో, నది దాటి మంచిర్యాలకో వరంగల్‌కో తిరిగే అమ్మానాన్నలు కళ్ళ ముందు మెదులుతారు.

బాధ కలిగించే సంగతేమిటంటే, బడిలో చెప్పే పేశీ పాఠమూ ఇంట్లో ఉన్న సికిల్ జబ్బూ ఎక్కడా కలుసుకోవు. పిల్లలు ఉల్లిపొర చూస్తారు, బొమ్మ గీస్తారు, భాగాల పేర్లు రాసి మార్కులు తెచ్చుకుంటారు. సాయంత్రం ఇంటికొస్తే అన్నకు నొప్పి లేచి ఉంటుంది. ఆస్పత్రిలో అన్నకు చెప్పిన జాగ్రత్తలు నాలుగైదు ఉంటాయి. నీళ్ళు బాగా తాగాలి, చలిలో తిరగకూడదు, ఫోలిక్ యాసిడ్ బిళ్ళ మానకూడదు, జ్వరం వస్తే ఆలస్యం చేయకూడదు, పెళ్ళికి ముందు రక్తపరీక్ష చేయించాలి. ఇందులో ప్రతి ఒక్కటీ చెల్లెలు పొద్దున గీసిన బొమ్మలోని ఏదో ఒక భాగానికి ముడిపడి ఉంది. ఆ ముడి ఎవరూ విప్పి చూపించకపోతే జాగ్రత్తలన్నీ ఒట్టి గద్దింపుల్లా వినిపిస్తాయి, పది రోజుల్లో మరుగున పడతాయి. గడ్చిరోలి లాంటి జిల్లాలో కణం పాఠాన్ని ఉల్లిపొరతో కాకుండా నెత్తుటి చుక్కతో మొదలుపెట్టడం మేలు.

నెత్తుటి చుక్కతో మొదలుపెడితే ముందే ఒక వింత ఎదురవుతుంది. పుస్తకంలో కణం బొమ్మకు నడుమ గుండ్రంగా కేంద్రకం ఉంటుంది. దాని చుట్టూ మైటోకాండ్రియాలు, రైబోజోములు, గాల్జీ, లైసోజోములు ఉంటాయి. మనిషి ఎర్ర రక్తకణంలో ఇవేవీ లేవు. కోడి నెత్తురో, చేప నెత్తురో మైక్రోస్కోపు కింద పెడితే ఎర్రకణాల మధ్యలో కేంద్రకం స్పష్టంగా కనిపిస్తుంది. మనిషి కణంలో ఆ చోట చిన్న పల్లం మాత్రమే ఉంటుంది. అయితే ఈ కణం పుట్టుకతో ఇలా లేదు. తనకున్నవన్నీ ఒక్కొక్కటిగా వదులుకుంది. ఎందుకు వదులుకుంది, దానికి ఏం చెల్లించింది అని అడిగితే కణంలో ఏ భాగం దేనికో దానంతట అదే తెలిసిపోతుంది.

ఎర్రకణం పుట్టేది ఎముక మూలుగలో. మొదట్లో అది అన్ని భాగాలూ ఉన్న మామూలు కణమే. దాని కేంద్రకంలో డీఎన్‌ఏ ఉంటుంది. శరీరానికి కావలసిన ప్రతి ప్రొటీనునూ ఎలా కట్టాలో అందులో నాలుగే నాలుగు అక్షరాలతో రాసి ఉంటుంది. పట్వారీ దగ్గరి అసలు రికార్డు బయటికి రాదు, దాని నకలే చేతికి వస్తుంది. ఇక్కడా అంతే. డీఎన్‌ఏ కేంద్రకంలోనే ఉండి, దాని నకలు ఆర్‌ఎన్‌ఏ రూపంలో బయటికి వస్తుంది. రైబోజోములు ఆ నకలును మూడేసి అక్షరాల చొప్పున చదువుతూ అమినో ఆమ్లాలను ఒకదాని పక్కన ఒకటి గుచ్చుతాయి. అలా తయారైన దండలే ప్రొటీన్లు. ఎదుగుతున్న ఎర్రకణంలో దాదాపు ఈ పనంతా ఒక్క హిమోగ్లోబిన్ కోసమే జరుగుతుంది. రెండు ఆల్ఫా దండలు, రెండు బీటా దండలు కలిస్తే ఒక హిమోగ్లోబిన్. ఒక్కొక్క దండ ఇనుము ఉన్న ఒక హీమ్‌ను పట్టుకుని ఉంటుంది, ఆక్సిజన్ అంటుకునేది ఆ ఇనుముకే. ఒక్క ఎర్రకణంలో దాదాపు 27 కోట్ల హిమోగ్లోబిన్ అణువులు ఉంటాయి.

కణం హిమోగ్లోబిన్‌తో నిండిపోయాక కేంద్రకం ఒక పక్కకు జరిగి బయటికి వచ్చేస్తుంది. పక్కనే కాచుకుని ఉన్న మాక్రోఫేజ్ అనే తిండిపోతు కణం దాన్ని మింగేస్తుంది. ఆ తర్వాత కొద్ది రోజుల్లో మైటోకాండ్రియాలు, రైబోజోములు కూడా కరిగిపోతాయి. ఇక మిగిలేది హిమోగ్లోబిన్ నిండిన మెత్తటి సంచి. అడ్డంగా 7 నుంచి 8 మైక్రోమీటర్లు. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రోమీటరు. రెండు వైపులా నొక్కినట్టుండే ఈ బిళ్ళ తనకంటే ఇరుకైన కేశనాళికల్లోంచి, అంటే అతి సన్నని రక్తనాళాల్లోంచి కూడా వంగి, మడతపడి జారిపోగలదు. లోపల గట్టి కేంద్రకం ఉంటే ఇది ఇంత సులువయ్యేది కాదు. మైటోకాండ్రియాలు లేకపోవడంలోనూ లాభం ఉంది. అవి ఆక్సిజన్ వాడుకుని శక్తి తయారు చేస్తాయి. అవి ఉంటే మోసే సరుకును దారిలోనే కొంత తినేసేవి.

ఇంత వదులుకున్నందుకు కణం చెల్లించే మూల్యం కూడా పెద్దదే. కేంద్రకం లేదు కాబట్టి విభజన లేదు. రైబోజోములు లేవు కాబట్టి పాడైన ప్రొటీను బదులు కొత్తది కట్టుకోలేదు. ఉన్నదాంతో దాదాపు 120 రోజులు నెట్టుకొస్తుంది. శక్తి కోసం గ్లూకోజును ఆక్సిజన్ లేకుండానే విరగ్గొట్టి, ఒక్కో గ్లూకోజు అణువుకు ఏటీపీ అనే శక్తి అణువులు రెండే రెండు మిగుల్చుకుంటుంది. మైటోకాండ్రియాలున్న కణానికి అదే గ్లూకోజు నుంచి 30 దాకా దక్కుతాయి. కణాలన్నిటికీ శక్తినిచ్చే ఈ ఏటీపీని 1929లో గుర్తించినవాళ్ళలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన ఆ పని చేశారు, అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని పట్టుకున్నారు. సుబ్బారావు పేరు సికిల్ కథలో ఇంకోసారి వస్తుంది.

ఎర్రకణం తన కొద్దిపాటి ఏటీపీని ప్రధానంగా పొర కోసం ఖర్చు పెడుతుంది. కణాన్ని చుట్టి ఉండే ఈ పొర రెండు వరసల కొవ్వు అణువులతో ఏర్పడింది. దాని లోపలి వైపు స్పెక్ట్రిన్ అనే ప్రొటీను చేపల వలలా అల్లుకుని ఉంటుంది. కణం ఎంత నలిగినా మళ్ళీ పాత ఆకారానికి రావడం ఈ వల చలవే. పొరలో పంపులు కూడా ఉంటాయి. ఒక్కో ఏటీపీ ఖర్చుకు మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెచ్చుకుంటాయి. కణంలో నీళ్ళు ఎంత ఉండాలో తేలేది ఈ లెక్క మీదే. అన్నిటికంటే శ్రద్ధగా చెప్పవలసిన భాగం ఈ పొర. పాఠ్యపుస్తకాలు మాత్రం దీన్ని బొమ్మ చుట్టూ ఒక గీతగా గీసి వదిలేస్తాయి.

ఇప్పుడు సికిల్ దగ్గరికి వద్దాం. కేంద్రకంలో డీఎన్‌ఏ క్రోమోజోములనే చుట్టలుగా ఉంటుంది. బీటా దండ తయారీ సూచన వాటిలో 11వ క్రోమోజోము మీద ఉంది. దండలో 146 అమినో ఆమ్లాలు. ఆరో చోట ఉండాల్సింది గ్లుటామిక్ ఆమ్లం, దానికి డీఎన్‌ఏలో గుర్తు జీఏజీ. సికిల్ ఉన్నవారిలో నడుమ అక్షరం మారి జీటీజీ అయింది. రైబోజోము తన తప్పేమీ లేకుండా, రాసి ఉన్నదే చదివి, ఆ చోట వాలీన్‌ను పెడుతుంది. తేడా అంతే. ఈ జబ్బు వెనుక ఉన్నది హిమోగ్లోబిన్ అణువులోని తేడాయేనని 1949లో లైనస్ పౌలింగ్ బృందం చూపించింది. ఆ తేడా ఒక్క అమినో ఆమ్లంలోనే ఉందని 1950ల్లో వెర్నన్ ఇంగ్రామ్ తేల్చారు.

గ్లుటామిక్ ఆమ్లం నీళ్ళతో కలిసిపోయే రకం. వాలీన్ నూనె లాంటిది, నీళ్ళకు దూరంగా దాక్కోవాలని చూస్తుంది. హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను వదిలేసినప్పుడు దాని ఆకారం కొద్దిగా మారి, పక్క అణువులోని వాలీన్ సరిగ్గా ఇమిడే గుంట ఒకటి తెరుచుకుంటుంది. ఒకటి ఇంకోదానికి, అది మరోదానికి అతుక్కుంటూ పొడుగాటి తాళ్ళు తయారవుతాయి. ఆ తాళ్ళు లోపలి నుంచి పొరను పొడుచుకుని సాగదీస్తాయి. మెత్తటి బిళ్ళ కాస్తా బిగుసుకుని కొడవలిలా వంగిపోతుంది. 1910లో షికాగో డాక్టరు జేమ్స్ హెరిక్ మైక్రోస్కోపులో చూసి కొడవలితో (ఇంగ్లీషులో సికిల్) పోల్చింది ఈ ఆకారాన్నే. ఊపిరితిత్తులకు తిరిగొచ్చి ఆక్సిజన్ అందుకుంటే తాళ్ళు విడిపోయి కణం మళ్ళీ బిళ్ళవుతుంది. కానీ పదే పదే వంగి లేచిన కణంలో స్పెక్ట్రిన్ వల పట్టు తప్పుతుంది, కొంతకాలానికి అది కొడవలిగానే ఉండిపోతుంది.

ఈ తాళ్ళు కట్టడానికి కొంచెం వ్యవధి పడుతుంది, సికిల్ ఉన్న మనిషి రోజువారీ బతుకంతా ఆ వ్యవధి మీదే ఆధారపడి ఉంది. కేశనాళికను దాటడానికి కణానికి దాదాపు ఒక సెకను చాలు. తాళ్ళు కట్టేలోపు అది ఇరుకు దాటి పెద్ద నాళంలో పడితే ఏ ఇబ్బందీ లేదు. ఇరుకులో ఉండగానే బిగుసుకుంటే ఇరుక్కుపోతుంది. వానాకాలంలో కల్వర్టు తూముకు ఒక కర్ర అడ్డం పడితే దాని వెనక చెత్తంతా పేరుకున్నట్టు, వెనక వచ్చే కణాలూ అక్కడే ఆగిపోతాయి. ఆవలి కండకూ ఎముకకూ ఆక్సిజన్ అందదు. ఊళ్ళో వాతం అని, పెరిగే వయసు నొప్పులని అనుకునేది చాలాసార్లు ఇదే. ఆ నొప్పి భరించరానిది. పైకి దెబ్బ గానీ వాపు గానీ కనిపించలేదని నటనగా కొట్టిపారేయడం అన్యాయం.

నీళ్ళు తాగమనే మాట కూడా ఇక్కడి నుంచే వచ్చింది. హిమోగ్లోబిన్ చిక్కదనం ఏ కాస్త పెరిగినా తాళ్ళు కట్టే వేగం ఎన్నో రెట్లు పెరుగుతుంది. పైగా కొడవలిగా మారిన కణం పొరలోంచి కాల్షియం లోపలికి జొరబడుతుంది, దాంతో పొటాషియం బయటికి పోయే దారులు తెరుచుకుంటాయి. పొటాషియం వెనకే నీళ్ళూ పోతాయి. కణం ఎండుతుంది, ఎండిన కణం ఇంకా తొందరగా వంగుతుంది. ఒకసారి మొదలైతే తనను తానే పెంచుకునే గొలుసు ఇది.

ఈ జిల్లాల్లో తునికాకు సీజన్ మే నెలలో వస్తుంది. ఎండ 45 డిగ్రీలు దాటడం ఇక్కడ వింత కాదు. తెల్లవారుజామున అడవికి పోయి ఆకు కోసి, ఎండెక్కాక మోసుకొచ్చి, కట్టలు కట్టి కల్లంలో ఇచ్చేదాకా వెంట తీసుకుపోయిన ఒక్క సీసా నీళ్ళే ఆధారం. మిర్చి ఏరడానికి నది దాటి తెలంగాణ చేలకు పోయేవాళ్ళ సంగతీ అంతే. ఆ రోజుల్లో సికిల్ ఉన్న మనిషికి అంబలి, మజ్జిగ, గంజి, మంచినీళ్ళు ఏవైనా సరే గంట గంటకూ లోపలికి పోతుండటం మందుతో సమానం. ఇప్పసారా దీనికి సరిగ్గా ఎదురు పని చేస్తుంది, అది ఒంట్లో నీళ్ళను బయటికి పంపేస్తుంది. చలికాలం తెల్లవారుజామున వాగులో దిగి చేపలు పట్టడమూ ప్రమాదమే. చలికి నాళాలు బిగుసుకుంటాయి, కణం ఇరుకులో గడిపే టైమ్ పెరుగుతుంది. నొప్పి అక్కడ మొదలవుతుంది.

మామూలు ఎర్రకణం నాలుగు నెలలు బతికితే, సికిల్ కణం 10 నుంచి 20 రోజులకే పోతుంది. ముసలి కణాలనూ బిగుసుకున్న కణాలనూ ఏరేసేది ప్రధానంగా ఎడమ పక్కటెముకల కింద ఉండే ప్లీహం. అందులో ఒక మైక్రోమీటరు వెడల్పు కూడా లేని చీలికలుంటాయి. మెత్తటి కణం వాటిలోంచి జారిపోతుంది, గట్టిపడ్డది పట్టుబడుతుంది. దాన్ని మాక్రోఫేజ్ మింగి, తనలోని లైసోజోములకు అప్పగిస్తుంది. లైసోజోములంటే జీర్ణరసాల సంచులు. అవి హిమోగ్లోబిన్‌ను ముక్కలు చేస్తాయి. ఇనుమును శరీరం దాచుకుంటుంది. హీమ్‌లో మిగిలిన భాగం బిలిరుబిన్ అనే పసుపు పదార్థంగా మారి కాలేయానికి చేరుతుంది. కణాలు మరీ వేగంగా పగిలినప్పుడు ఈ పసుపు కాలేయం పంపగలిగిన దానికంటే ఎక్కువవుతుంది, కళ్ళు పచ్చబడతాయి.

పల్లెల్లో కళ్ళు పచ్చబడగానే వెళ్ళేది కామెర్ల పసరు పోసేవారి దగ్గరికి. సికిల్ ఉన్న పిల్లల్లో ఈ పచ్చదనానికి చాలాసార్లు కారణం కాలేయం జబ్బు కాదు, నెత్తురు పగలడం. పసరు తాగించి, ఉప్పూ నూనే మాన్పించి పత్యం పెట్టిన వారం రోజుల్లో హిమోగ్లోబిన్ ఇంకా పడిపోవచ్చు. ఇలాంటి పొరపాటే ఇంకోటి జరుగుతుంది. నెత్తురు తక్కువ అనగానే ఐరన్ బిళ్ళలు మింగించడం. పగిలిన కణాల ఇనుము శరీరంలోనే ఉంటుంది, రక్తం ఎక్కించుకునేవారికి దాంతో పాటు మరింత వచ్చి చేరుతుంది. ఐరన్ లోపం ఉందని పరీక్షలో తేలి, డాక్టరు రాస్తేనే ఐరన్ వేసుకోవాలి.

వీళ్ళకు నిజంగా అవసరమయ్యేది ఫోలిక్ యాసిడ్. నాలుగు నెలలకు ఒకసారి చేసే పనిని మూలుగ ఇక్కడ రెండు వారాలకు ఒకసారి చేయాలి. ప్రతి కొత్త కణం కోసం కేంద్రకంలోని డీఎన్‌ఏను మళ్ళీ నకలు తీయాలి. డీఎన్‌ఏ నాలుగు అక్షరాల్లో ఒకటైన థైమీన్ తయారు కావడానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. ఇక్కడే సుబ్బారావు మళ్ళీ కనిపిస్తారు. 1940ల్లో అమెరికాలోని లెడర్లీ లాబొరేటరీస్‌లో ఆయన నడిపించిన బృందమే ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారు చేసింది. పీహెచ్‌సీలో ఇచ్చే ఆ పసుపుపచ్చ బిళ్ళ వెనక ఒక తెలుగువాడి పని ఉందని ఈ ఇళ్ళలో పిల్లలకు చెప్పాలి.

మరి ఇంత హాని చేసే అక్షరం తరాల తరబడి ఈ నేల మీద ఎందుకు నిలిచింది? దానికి జవాబు చలిజ్వరం. మలేరియా దోమ ద్వారా పాకుతుందని తెలిసిన కథలో 1897 నాటి సికింద్రాబాద్‌కు చోటుంది. రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసింది అక్కడే. మనిషి ఒంట్లో ఆ పరాన్నజీవి కాపురం ఎర్రకణంలో. హిమోగ్లోబిన్‌ను తిని, ఆక్సిజన్ వాడుకుని అది పెరుగుతుంది. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి మాత్రమే సికిల్ అక్షరం వచ్చినవారి కణంలో రెండు రకాల హిమోగ్లోబిన్ కలిసి ఉంటుంది. మామూలుగా ఆ కణం వంగదు. పరాన్నజీవి చేరితే మాత్రం లోపలి పరిస్థితి మారి వంగిపోతుంది, ప్లీహం దాన్ని పరాన్నజీవితో సహా ఏరేస్తుంది. ఈ రక్షణను 1954లో ఆంథొనీ అలిసన్ ఆఫ్రికాలో చేసిన పరిశీలనతో బయటపెట్టారు. మలేరియా దట్టంగా ఉన్న అడవుల్లో ఆ ఒక్క అక్షరం ఎందరో పసిపిల్లలను కాపాడింది. గడ్చిరోలి, ఒడిశాలోని కోరాపుట్, మల్కన్‌గిరి లాంటి చోట్ల మలేరియా, సికిల్ రెండూ ఒకే పటం మీద కనబడటం యాదృచ్ఛికం కాదు. సికిల్‌ను ఒక కులానికో తెగకో మచ్చగా చూడటం తప్పు. గోండులు, మాడియాల్లో ఉన్నట్టే విదర్భలో ఇతర కులాల్లోనూ అది ఉంది.

ఒక్క అక్షరం మోసేవారిని ఏఎస్ అంటారు. ఏ అంటే మామూలుది, ఎస్ అంటే సికిల్‌ది. వాళ్ళు రోగులు కారు. ఇద్దరు ఏఎస్‌లు పెళ్ళి చేసుకుంటే మాత్రం ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ఎస్ఎస్ బిడ్డ, అంటే జబ్బున్న బిడ్డ పుట్టే అవకాశం ఉంది. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి రెండో బిడ్డకు రాదనే లెక్క ఇక్కడ పనికిరాదు. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తేనే ఎస్ఎస్. కాబట్టి కోడలి వంక వేలు చూపడానికి వీల్లేదు. మేనరికం తెలుగువాళ్ళలోనూ గోండుల్లోనూ ఉంది. ఒకే తాత దగ్గరి అక్షరం బావకూ మరదలికీ ఇద్దరికీ అందే అవకాశం బయటి సంబంధాల్లో కంటే ఎక్కువ. జాతకాలు చూసే ముందు ఇద్దరి రక్తపరీక్ష కాగితాలు పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

ఆ పరీక్ష తేలికైనదే. వేలి కొస నుంచి తీసిన చుక్కను, కణం పొరను చీల్చేసి ఆక్సిజన్‌ను లాగేసే ద్రవంలో కలుపుతారు. మామూలు హిమోగ్లోబిన్ కరిగిపోయి, గొట్టం వెనక పెట్టిన గీతలు కనిపిస్తాయి. సికిల్ ఉంటే ద్రవం మసకబారి గీతలు కనబడవు. అయితే ఈ పరీక్ష ఏఎస్‌నూ ఎస్ఎస్‌నూ విడదీయదు. దానికి హిమోగ్లోబిన్ రకాలను వేరు చేసి చూపే ఎలక్ట్రోఫోరిసిస్ గానీ హెచ్‌పీఎల్‌సీ గానీ చేయాలి. మసకబారిన గొట్టంతో ఆగిపోయి, ఏఎస్ అయిన అమ్మాయిని రోగి అనుకుని సంబంధం వదులుకున్నా తప్పే, ఎస్ఎస్ అయిన అబ్బాయికి వైద్యం మొదలుపెట్టకపోయినా తప్పే. కేంద్రం 2023 జూలై 1న సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. 17 రాష్ట్రాల్లో 40 ఏళ్ళ లోపువారు 7 కోట్ల మందిని పరీక్షించాలని, 2047 నాటికి జబ్బును నిర్మూలించాలని లక్ష్యం పెట్టుకుంది. పరీక్ష కార్డు చేతికిచ్చి పంపేస్తే పని అయిపోదు. దాని మీది రెండు అక్షరాలకు అర్థం ఇంటి భాషలో చెప్పేవాళ్ళు ఉండాలి. సిరొంచలో ఆ భాష తెలుగు, దానికి పది మైళ్ళ అవతల గోండీనో మాడియానో కావచ్చు.

మందుల్లో ఇప్పటికి ఎక్కువమందికి అందుబాటులో ఉన్నది హైడ్రాక్సీయూరియా. అది పని చేసే తీరు కూడా కేంద్రకంతోనే ముడిపడి ఉంది. కడుపులో ఉన్నప్పుడు బిడ్డ వాడుకునేది వేరే హిమోగ్లోబిన్. అందులో బీటా దండల బదులు గామా దండలు ఉంటాయి. పుట్టాక గామా సూచన మూతపడి బీటా సూచన తెరుచుకుంటుంది. హైడ్రాక్సీయూరియా మూలుగలో ఆ పాత సూచనను కొంతమేర మళ్ళీ తెరిపిస్తుంది. గామా దండ తాళ్ళలో ఇమడదు, అది ఎంత ఎక్కువ ఉంటే కణం వంగడం అంత తగ్గుతుంది. ఈ మందు డాక్టరు చెప్పిన మోతాదులో, అప్పుడప్పుడూ రక్తపరీక్షలు చేయించుకుంటూ వాడాలి. 2023 చివర్లో బ్రిటన్, అమెరికా అనుమతించిన జన్యు చికిత్సల్లో ఒకటి చేసేదీ ఇదే, జన్యువునే కత్తిరించి శాశ్వతంగా చేస్తుంది. రక్తంలో తిరిగే ఎర్రకణంలో సరిదిద్దడానికి డీఎన్‌ఏ లేదు కాబట్టి, మూలుగలో రక్తకణాలను పుట్టించే మూలకణాలను బయటికి తీసి, మార్చి, తిరిగి ఎక్కించాలి. దాని ఖర్చు ఇక్కడి కుటుంబాల ఊహకు కూడా అందేది కాదు.

ఎస్ఎస్ బిడ్డ పుట్టిన మొదటి కొన్ని నెలలు చలాకీగా, బొద్దుగా ఉండటానికి కారణం కూడా గామా దండలే. ఆరు నెలల వయసు దాటుతుంటే అవి తగ్గిపోతాయి, అప్పుడు లక్షణాలు మొదలవుతాయి. వేళ్ళు, అరచేతులు, పాదాలు వాచి బిడ్డ గుక్కపట్టి ఏడవడం చాలామందిలో మొదటి గుర్తు. ఈ వయసులో అన్నిటికంటే ప్రమాదం ప్లీహంతో. వంగిన కణాలు ఒక్కసారిగా అందులో చిక్కుకుంటే, ఒంట్లో తిరగాల్సిన నెత్తురు అక్కడే నిలిచిపోతుంది. పెద్దవాళ్ళు 'కడుపులో బల్ల' అనేది ఈ ఉబ్బిన ప్లీహాన్నే. అందుకే రోజూ స్నానం చేయించేటప్పుడు బిడ్డ ఎడమ పక్కటెముకల కింద చెయ్యి పెట్టి తడిమి చూడటం తల్లికి నేర్పాలి. నిన్న చేతికి తగలనిది ఇవాళ గట్టిగా తగిలి, బిడ్డ పాలిపోయి తూలుతుంటే తెల్లారేదాకా ఆగకూడదు. ఆ గంటలోనే బండి కట్టించుకుని రక్తం ఎక్కించే ఆస్పత్రికి బయల్దేరాలి.